దారిలో ఒక పూట

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కార్లో వెళ్ళొచ్చినవాళ్ళను దారిలో ఏం చూశారని అడగండి. పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతసేపు నిలబడిపోయారో చెబుతారు. సూర్యాపేటలో టిఫిన్ ఎలా ఉందో చెబుతారు. మామూలుగా అయిదు గంటల్లో చేరేవాళ్ళం, ఈసారి ఎనిమిది పట్టిందంటారు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న దారి గురించి గుర్తున్నది అంతే.

ఆ దారి పొడవు సుమారు 270 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగితే నల్లగొండ పక్కన పానగల్లు, అక్కడ కందూరు చోడుల నాటి గుళ్ళు. సూర్యాపేటను ఆనుకుని పిల్లలమర్రి, అక్కడ కాకతీయుల కాలపు శివాలయాలు. సూర్యాపేట నుంచి ఎడమకు జనగామ రోడ్డు పడితే ఫణిగిరి, కొండ మీద బౌద్ధ స్తూపం. కోదాడ నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో నేలకొండపల్లి, భక్త రామదాసు పుట్టిన ఊరు, అక్కడా ఓ పెద్ద స్తూపం. జగ్గయ్యపేటలో ఇంకో స్తూపం. విజయవాడ ఇంకాసేపట్లో వస్తుందనగా కొండపల్లి, కోట, బొమ్మలు. ఒక్క రోడ్డుకి అటూ ఇటూ దాదాపు రెండు వేల ఏళ్ళ చరిత్ర పరుచుకుని ఉంది. మనం దాని మధ్యలోంచి కిటికీలు బిగించుకుని వెళ్ళిపోతున్నాం.

కొత్త చోటికి వెళ్ళమని ఈ అధ్యాయంలో మిమ్మల్ని అడగడం లేదు. సెలవు పెట్టమనీ అనడం లేదు. మీరు ఎలాగూ వెళ్ళే దారిలోనే ఒక పూట తీసి, ఒక్క చోటుకి ఇవ్వమంటున్నాను. ఒక పూట, ఒక చోటు. ఈ లెక్క తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

ఎందుకంటే మనకు యాత్ర అంటే జాబితా అనే అలవాటు పట్టుకుంది. మూడు రోజుల్లో పదకొండు గుళ్ళు, రెండు జలపాతాలు, ఒక కోట. బస్సు దిగడం, దండం పెట్టడం, ఫొటో తీయడం, మళ్ళీ ఎక్కడం. ఇంటికొచ్చాక ఏ గుడి ఏ ఊళ్ళోదో ఫోన్లో తేదీ చూస్తే తప్ప చెప్పలేం. ఆఫీసులో ఉన్న తొందరే సెలవులోనూ మోసుకెళ్ళామన్నమాట. తొందర తగ్గాలంటే ధ్యానం నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, మంచిదే. కానీ ఒక పాత గుళ్ళో మూడు గంటలు గడపగలిగిన మనిషి వేరే పాఠం లేకుండానే ఆగడం నేర్చుకుంటాడు. చూడటం కూడా సాధనతో వచ్చే విద్యే. పేరున్న చోట్ల ఈ విద్య అబ్బడం కష్టం. అక్కడ క్యూ మనల్ని నడిపిస్తుంది, గైడు మనకోసం చూసేస్తాడు. పేరు లేని చోట ఆ పని మనమే చేసుకోవాలి.

పానగల్లునే తీసుకోండి. హైవే దిగాక అరగంట. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం. ఒకే మండపం, దానికి మూడు గర్భగుళ్ళు. వాటిలో ఒకదాంట్లో శివలింగం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్తంభపు నీడ పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు తిరిగినా ఆ నీడ పక్కకు జరగదు. వచ్చినవాళ్ళలో చాలామంది పూజారి చూపించగానే ఫోన్ తీసి ఫొటో కొట్టుకుని, దండం పెట్టుకుని, పది నిమిషాల్లో బయటపడతారు.

మీరు కూర్చోండి. కాసేపయ్యాక మీతో వచ్చినవాళ్ళను మండపంలో ఒక్కో స్తంభం పక్కన నిలబెట్టి, నీడలో ఏమైనా తేడా వస్తుందేమో గమనించండి. వెలుగు ఎటునుంచి వస్తోందో వెతకండి. గర్భగుడిలోకి ఎండ నేరుగా రావడం లేదని ముందు అర్థమవుతుంది. బయట చెదిరిన వెలుగే స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తోంది. సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నా వెలుగు దూరే సందులు అవే, అడ్డుపడే రాళ్ళు అవే. అందుకే నీడ కదలదు. పదేళ్ళ పిల్లలకు ఇది మీరు చెప్పకూడదు. గంట పట్టినా సరే, వాళ్ళనే కనిపెట్టనివ్వండి. కిటుకు తెలిశాక ఆ గుడి కట్టిన శిల్పి మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు, దేవుడి మీద భక్తికీ లోటు రాదు. పక్కనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది. దాని గోడల మీద రామాయణ భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి. ఆ ఆవరణలోనే పురావస్తు శాఖ మ్యూజియం. రెండూ చూసి ఉదయ సముద్రం చెరువు కట్ట మీద కాసేపు కూర్చుంటే పూట నిండిపోతుంది. ఇక ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు.

తెలుగులో ఇలాంటి ప్రయాణానికి దారి చూపినవాడు ఒకాయన ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన మనిషి. 1830 మే నెలలో పెద్ద పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలకు పైగా తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన రాసుకున్నది 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. ఆ పుస్తకంలో నాకు గొప్పగా అనిపించేది కాశీ వర్ణన కాదు. మజిలీ మజిలీకీ ఆయన పట్టించుకున్న సంగతులు. దారి రాతిదా ఇసుకదా, నీళ్ళు బాగుంటాయా, దిగడానికి చోటుందా, అంగట్లో ఏం దొరుకుతాయి, ఊళ్ళో ఎవరెవరుంటారు. కాశీ చేరడమే పని అనుకున్న మనిషి ఇవన్నీ రాయడు.

ఆ పద్ధతి ఇవాళ్టికీ పనికొస్తుంది. కార్లో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద. ఆగిన చోట నాలుగు ముక్కలు రాయండి: గుడి ఎన్నింటికి తెరిచారు, తాళం ఎవరి దగ్గరుంది, నీళ్ళూ నీడా ఎక్కడ దొరికాయి, ఎవరితో ఏం మాట్లాడారు. వర్ణనలు అక్కర్లేదు. రెండేళ్ళు గడిచాక ఆ పుస్తకం తెరిస్తే ఫొటోలు చెప్పని సంగతులు అది చెబుతుంది. మీ వెనక ఆ దారిన వెళ్ళే బంధువులకు అదే గైడు.

చోటు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలతలు రెండే. హైవే నుంచి ఎటు చూసినా గంట లోపు చేరేలా ఉండాలి. వెళ్ళేముందు దాని గురించి కనీసం రెండు పేజీలు చదవగలిగి ఉండాలి. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఏమీ తెలియకుండా వెళితే రాళ్ళు రాళ్ళలాగే కనిపిస్తాయి. మనకు ఈ విషయంలో కొదవేం లేదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ లాంటి జిల్లాల శాసనాలను పురావస్తు శాఖ సంపుటాలుగా ప్రచురించింది. కాకతీయుల చరిత్రకు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి పరిశోధన ఉంది. కోస్తా, రాయలసీమ ఊళ్ళకైతే మెకంజీ కైఫీయతులున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ తోటివాళ్ళూ ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించినవి అవి. మీరు వెళ్ళే ఊరి కైఫీయతు దొరికితే ముందురోజు రాత్రి ఇంట్లో అందరికీ వినపడేలా చదవండి. ఆ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, గుడికి ఏ మాన్యం ఇచ్చారో వింటూ పడుకున్న పిల్లలు మర్నాడు కారు దిగగానే చెరువు ఎక్కడని అడుగుతారు.

గుడిని చూడటం ఎలా

దీనికి పిల్లలమర్రి మంచి బడి. ఒక మాట ముందే చెప్పాలి. మ్యాపులో పిల్లలమర్రి అని కొడితే మహబూబ్‌నగర్ మర్రిచెట్టు దగ్గరికి తీసుకుపోవచ్చు. అదీ చూడదగ్గదే, కానీ అది వేరే దిక్కు. 'పిల్లలమర్రి, సూర్యాపేట' అని వెతకండి.

ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. రేచర్ల నామిరెడ్డి పేరు మీద నామేశ్వరాలయం ఉంది. కాకతీయుల కింద రేచర్లవారు ఈ ప్రాంతాన్ని ఏలారు. శృంగార శాకుంతలం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడిది ఈ ఊరేనని చెబుతారు. ఇంత చరిత్రకు ఊరు మాత్రం చిన్నది. గుడి పక్కన గేదెలు కట్టేసి ఉంటాయి.

గుడికి వెళ్ళగానే లోపలికి పోవద్దు. ముందు దూరంగా నిలబడి మొత్తం కట్టడం చూడండి. తర్వాత బయటి నుంచి ప్రదక్షిణగా నెమ్మదిగా తిరగండి, కళ్ళు పీఠం మీద పెట్టుకుని. కింది వరసల్లోనే శిల్పి తన సరదాలు తీర్చుకుంటాడు. ఏనుగులు, హంసలు, తీగలు వరసగా పోతూ ఒక్కచోట ఏదో తేడా చేసి ఉంటాడు. ఆ తేడాను పట్టుకోవడం పిల్లలకు భలే ఆట. రెండో చుట్టులో గోడలు చూడండి. అప్పుడు లోపలికి వెళ్ళండి.

మండపంలో నల్లరాతి స్తంభాలుంటాయి. ఒక స్తంభం ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని నడుము దగ్గర చూడండి. చదరంగా మొదలైన రాయి కాస్త పైకి వెళ్ళేసరికి గుండ్రమై, పలకలు పలకలుగా, ఉంగరాలు పేర్చినట్టు సన్నపడి మళ్ళీ వెడల్పవుతుంది. ఆ ఉంగరాల అంచులు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా పదునుగా ఉన్నాయి. రాతికి పెట్టిన మెరుగు వల్ల తలుపులోంచి వచ్చే వెలుగు స్తంభం మీద నిలువుగా ఒక తెల్లటి గీతలా కనిపిస్తుంది. మీరు పక్కకు జరిగితే ఆ గీత మీతో పాటు జరుగుతుంది. ఇప్పుడు తల ఎత్తి దూలాలు చూడండి. నామేశ్వరాలయంలో పాత వర్ణచిత్రాల జాడలున్నాయి, క్షీరసాగర మథనం. చాలా మట్టుకు రాలిపోయింది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగినవాళ్ళకే అది కనిపిస్తుంది, టార్చి వేసి వెంటనే వెళ్ళిపోయేవాళ్ళకు కనపడదు.

వేళ ముఖ్యం. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా పడుతుంది. అప్పుడే శిల్పం లోతు, శాసనాల అక్షరాలు తేలి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే గోడ చదునుగా ఉంటుంది. శాసనం చదవాలంటే అక్షరాల మీద సుద్దో పిండో రుద్దేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్కనుంచి టార్చి వేస్తే చాలు, అక్షరం లేస్తుంది. ఎండాకాలమైతే నూలు సాక్సులు తీసుకెళ్ళండి. చెప్పులు విడిచాక పెద్దవాళ్ళు ఆ బండల మీద నాలుగడుగులు వేయలేరు, సగం గుడి చూడకుండానే నీడలో కూలబడతారు. ఈ ఒక్క జాగ్రత్తతో అమ్మమ్మలు కూడా పూర్తి ప్రదక్షిణ చేస్తారు.

మనుషులతో

పేరు లేని చోట్లలో గైడు ఉండడు. ఊరివాళ్ళే మీ గైడు. మీకు ఏం కనిపిస్తుందన్నది వాళ్ళతో ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేరుగా గుడి దగ్గరికి కారు పోనిచ్చి కెమెరాతో దిగవద్దు. ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర ఆపండి. టీ తాగండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మిమ్మల్ని అడగకుండా ఉండడు: "ఏ ఊరు బిడ్డా మీది? ఏం పని మీద వచ్చిండ్రు?"

ఆ ప్రశ్న వెనక ఒక భయం ఉంది. గుప్తనిధుల కోసం రాత్రిళ్ళు గుళ్ళు తవ్వే ముఠాలు తెలుగునాట చాలా ఊళ్ళను గాయపరిచాయి. నందుల్ని పగలగొట్టారు, లింగాలను పెకలించారు. కొత్త ముఖం పాత గుడి గురించి వాకబు చేస్తే ఊరు అనుమానించడం సహజం, న్యాయం కూడా. "గుడి చూద్దామని వచ్చాం తాతా, పిల్లలకు చూపిద్దామని. తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని చెప్పి, ముందు మీ ఊరి పేరు, ఎవరి తాలూకో చెప్పండి. కుటుంబంతో వెళ్ళినప్పుడు ఈ అనుమానం తొందరగా పోతుంది. ఒక్కసారి పోయిందంటే ఆ పెద్దాయనే లేచి మీ ముందు నడుస్తాడు, చెరువు గట్టు మీది వీరగల్లు చూపిస్తాడు, పొలంలో పడి ఉన్న భైరవుణ్ణి చూపిస్తాడు. ఏ పుస్తకంలోనూ లేనివి ఇలాగే దొరుకుతాయి.

ఆయన చెప్పే కథ చరిత్రకు సరిపోకపోవచ్చు. ఒక్క రాత్రిలో దేవతలు కట్టారంటాడు, పాండవులు వచ్చి ఉన్నారంటాడు. దిద్దకండి. శాసనం ఒక నిజం చెబుతుంది, ఊరు ఆ గుడితో ఎలా బతికిందో ఆ కథ చెబుతుంది. రెండూ రాసుకోండి. వచ్చేటప్పుడు పూజారి పళ్ళెంలో ధారాళంగా వేయండి. ధూపదీప నైవేద్యాలకు సరిపడా ఆదాయం లేని గుళ్ళు ఇవి.

ఈ దారిలో మిగతా చోట్లు తొందరగా చెబుతాను. ఫణిగిరిలో దొరికిన సున్నపురాతి తోరణ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయి. 2024లో అక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. సూర్యాపేటలో టీ తాగి ముందుకు పోయేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? శిల్పాలు చాలావరకు మ్యూజియాలకు చేరాయి, కొండ మీద స్తూపం, చైత్యాలు, విహారాల పునాదులు చూడాలి. వెళ్ళేముందు బొమ్మల్లో ఆ శిల్పాలు చూసి వెళితే ఖాళీ పునాదులు నిండుగా కనిపిస్తాయి. జగ్గయ్యపేట కూడా అంతే. అక్కడి ప్రసిద్ధమైన చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. ఊళ్ళో మిగిలింది స్తూపపు దిబ్బే. దానికి అరగంట చాలు.

కొండపల్లికి మాత్రం పూట కావాలి. కోట ఎక్కడం ఒక ఎత్తు, కింద బొమ్మలు చేసేవాళ్ళ ఇళ్ళ దగ్గర కూర్చోవడం ఒక ఎత్తు. తెల్లపొణికి కర్రను ఎండబెట్టి, బొమ్మ ఒళ్ళు వేరు, చేతులు వేరు చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దను మక్కు అంటారు. దాంతో చేతుల్ని ఒంటికి అతికించి, అతుకు కనపడకుండా వేలితో నిమురుతారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి తెల్లపూత వేసి, అప్పుడు రంగులు. కల్లుగీత కార్మికుడు తాడిచెట్టు ఎక్కుతున్న బొమ్మలో ఆ నడుము వంపు ఎలా వస్తుందో ఒక్కసారి దగ్గరుండి చూస్తే, ఇక మీరు హైవే పక్క దుకాణంలో బేరమాడలేరు. కొంటే చేసినవాళ్ళ దగ్గరే కొనండి, అడిగినంత ఇచ్చి కొనండి.

బండి, వేళ, ఒళ్ళు

తెల్లవారుజామున బయల్దేరండి. రాత్రి నడపొద్దు. హైవే మీద అలవాటైన వేగం పల్లె రోడ్డు మీద పనికిరాదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్ళు పేర్చి ఉంటాయి. పైన నల్లటి పట్టా కప్పితే చీకట్లో ఏమీ కనపడదు. దీనివల్ల ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, సాయంత్రం ఇళ్ళకు మళ్ళే గొడ్లు మామూలే. హైవే మీద తిరగాల్సిన మలుపు దాటిపోతే వెనక్కి ఎదురు రావొద్దు, ఎంత దూరమైనా ముందుకెళ్ళి యూ టర్న్ తీసుకోండి.

రెండు గంటలకోసారి డ్రైవింగ్ ఆపాలి. నిద్ర వస్తోందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆడవాళ్ళ అవసరాలను మొదటే ఆలోచించాలి. హైవే దిగకముందే మంచి పెట్రోల్ బంకులో ఆగండి, తర్వాత గుడి దగ్గర వసతి ఉంటుందన్న నమ్మకం లేదు. మంచినీళ్ళు, పెరుగన్నం, పులిహోర ఇంటినుంచే పట్టుకెళ్ళండి. పాత గోపురాల మీద, బండల కింద తేనెపట్టులుంటే పొగ పెట్టడం, గట్టిగా అరవడం, దగ్గరికెళ్ళి ఫొటో తీయడం అసలు చేయకూడదు. వానాకాలం జలపాతాల దగ్గర నీటిలోకి దిగొద్దు. పైన ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో కిందికి వస్తుంది. నాచు పట్టిన బండ మీద ఈత వచ్చినవాళ్ళూ పోయారు. ఊరివాళ్ళు వద్దన్న చోట వద్దు.

పురావస్తు శాఖ మ్యూజియాలు చాలావాటికి శుక్రవారం సెలవు. ఊరి గుళ్ళు మధ్యాహ్నం మూస్తారు. ఈ రెండూ చూసుకోకుండా బయల్దేరితే పూట వృథా.

మీ దారి విజయవాడ దారి కాకపోవచ్చు. తిరుపతి వెళ్ళేవాళ్ళు దర్శనం అయ్యాక గుడిమల్లం వెళ్ళండి. లింగం మీదే నిలుచున్న శివుడి రూపం చెక్కిన ఆ గుడి దేశంలోని అతి పాత శివాలయాల్లో ఒకటి. తిరుమలలో అంత జనం, ఇక్కడ పూజారి మీకోసం తీరిగ్గా హారతి ఇస్తాడు. ఏలూరు వైపు వెళితే గుంటుపల్లి. కొండ తొలిచి చేసిన గుండ్రటి చైత్యంలో కర్ర వాసాలు, దూలాలు ఉన్నట్టే రాతిలో చెక్కారు. కర్ర ఇల్లు కట్టడం తెలిసిన చేతులు రాతిని మొదటిసారి పట్టుకున్నప్పుడు ఏం జరిగిందో అక్కడ కళ్ళారా చూడొచ్చు. నరసరావుపేట దగ్గర చేజెర్ల కపోతేశ్వరాలయం ఏనుగు వీపులా వెనకభాగం గుండ్రంగా ఉన్న ఇటుకల గుడి. శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళకు వంశధార ఒడ్డున శాలిహుండం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1919లో ఆ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. ఒకే మనిషి సవర భాష నేర్చి, శాసనాలు చదివి, కొండ మీది ఇటుకల్ని గుర్తుపట్టాడంటే ఆ కాలపు పంతుళ్ళు ఎలా తిరిగేవారో ఊహించుకోండి. అదే జిల్లాలో తేలినీలాపురం ఊరి చెట్ల మీద చలికాలంలో పెలికాన్లు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి.

కర్నూలు, అనంతపురం వైపు వాళ్ళకు బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు, 1982, 83లలో జర్మన్ బృందం లోపల సర్వే చేసింది, 2002లో జనానికి తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం నడవగలిగేది అందులో సగం లోపే. లోపల ఉక్క ఎక్కువ, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు ఆలోచించి దిగాలి. అక్కడికి దగ్గరే తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయానికి పూర్తికాని గోపురాలున్నాయి. పూర్తయినవాటి కంటే ఇవే ఎక్కువ నేర్పుతాయి, ఎందుకంటే రాయి మీద రాయి ఎలా పేర్చారో, ఏ వరస దాకా చెక్కి ఆపారో తెరిచి చూపించినట్టు ఉంటుంది. ఒక రోజు బెలుం, ఇంకో రోజు తాడిపత్రి. రెండూ ఒకే రోజు కలపొద్దు.

విదేశాల నుంచి డిసెంబరులో వచ్చే కుటుంబాలకు ఒక మాట. మూడు వారాల్లో పెళ్ళిళ్ళు, పరామర్శలు, షాపింగ్ అయ్యేసరికి పిల్లలకు తాతగారి ఊరంటే హాలు, సోఫా, టీవీ అని మిగులుతుంది. తాతగారిని వెంటబెట్టుకుని ఆ ఊరికి పది మైళ్ళలో ఉన్న పాత గుడికో చెరువుకో కోటకో ఒక పూట వెళ్ళండి. ఆయన చిన్నప్పుడు అక్కడికి నడిచి వెళ్ళి ఉంటాడు. దారి ఆయన్నే చెప్పనివ్వండి, మ్యాపు ఆపేయండి.

చివరిగా జాగ్రత్త గురించి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని కేంద్ర చట్టంలో ఉంది. కానీ ఇలాంటి చోట్ల కాపలా ఉండేది ఒక్క మనిషి, ఒక్కోచోట ఆయనా ఉండడు. అందుకని చట్టం కంటే మన బుద్ధే ముఖ్యం. శిల్పాల మీద నూనె, కుంకుమ పూయొద్దు. పాత బొమ్మలున్న గుహల్లో రంగు తేలుతుందని నీళ్ళు చల్లి ఫొటో తీసేవాళ్ళున్నారు, అలా చల్లిన ప్రతిసారీ ఆ బొమ్మ కొంత చెరిగిపోతుంది. ఎవరూ కాపలా లేని అలాంటి చోటు దారి వివరాలను సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి, తెలిసినవాళ్ళకు నోటితో చెప్పండి. గుడికి సున్నం కొట్టిద్దామనో, ఎనామిల్ పెయింటు వేయిద్దామనో ఊరి కమిటీ అనుకుంటున్నట్టు తెలిస్తే, మర్యాదగా, ఓపికగా, ఆ పని ఎందుకు వద్దో చెప్పండి. ఊరివాళ్ళు వింటారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, ఎవరూ చెప్పలేదంతే.

వచ్చే పండగకు విజయవాడ వైపు వెళ్ళే పనుంటే మొదటిసారికి పిల్లలమర్రి పెట్టుకోండి. హైదరాబాద్‌లో అయిదింటికి బయల్దేరితే ఎనిమిది లోపు గుడి ముందుంటారు. పది దాకా అక్కడ గడిపి కదిలినా, మధ్యాహ్నం భోజనానికి విజయవాడ చేరతారు. సాక్సులు, టార్చి, నోటుపుస్తకం మర్చిపోవద్దు.